తెల్లారితేగానీ ఇవ్వని రిపోర్టు

"తేరనీ బావా, తేరనీ. గొట్టం ఫ్రిజ్‌లో పెట్టి ఇంకా ఒక్క రాత్రి కూడా కాలేదు. తొందరపెడితే రక్తం మాట వింటుందా? రేపు పొద్దున్న చూద్దాం."

"పక్కనే అంత పెద్ద యంత్రం ఉంది కదా బావా. దాన్ని అడగొచ్చుగా?"

"యంత్రానికేం, అడగ్గానే చెప్పేస్తుంది. అడగ్గానే చెప్పేసేవాడి మాట నువ్వెప్పుడైనా నమ్మావా?"

బయట ముసురు పట్టింది. ఆ ల్యాబు ఉన్నది ఒక పాత మేడ కింద నేలమాళిగలో. వీధిలో కురిసిన వానంతా తీరిగ్గా మెట్లు దిగి అక్కడికే వస్తుంది. గుమ్మం దగ్గర పరిచిన పాత తువ్వాలు నీళ్ళు పీల్చి పీల్చి, ఇక నా వల్ల కాదన్నట్టు పడి ఉంది. పైన ట్యూబులైటు వెలగాలా మానాలా అని కొట్టుకుంటోంది. ఆ వెలుతురులో తడిసిన గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. స్టూలు మీద కదలకుండా కూర్చున్న మనిషి అతని భార్యకు అన్నగారు, ఆ ల్యాబులో రక్తంలోని కొవ్వులు కొలిచే టెక్నీషియను. ఆయన్ని అందరూ తేట మాస్టారు అంటారు. అసలు పేరేమిటని అడిగితే ఆయనే కాసేపు ఆలోచిస్తాడు.

తేట మాస్టారికి లోకంలో ఒకటే పట్టు. ఏదైనా సరే, ఒక రాత్రంతా కదపకుండా నిలబెట్టి చూడందే నమ్మడు. రక్తం గడ్డకట్టాక పైన పసుపుపచ్చని నీరు తేరుతుంది, దాన్ని సీరం అంటారు. మాస్టారు ఆ సీరాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి, ఫ్రిజ్‌లో నిటారుగా నిలబెట్టి, తెల్లారాక తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తాడు. పైన మీగడ కట్టిందా, మొత్తం మబ్బుపట్టిందా, తేటగా ఉందా అని. ఆ తర్వాతే రిపోర్టు మీద సంతకం. అది తాతల నాటి పద్ధతి. యంత్రాలు వచ్చాక ప్రపంచం దాన్ని దాదాపు మరిచిపోయింది. ప్రపంచం తొందరపడిందని మాస్టారి అభిప్రాయం.

గొట్టాలతో ఆగితే బాగానే ఉండును. కాఫీ తెచ్చి ముందు పెడితే దాన్నీ నిలబెడతాడు. "వేడి కాఫీ తాగేవాడికి వేడి తెలుస్తుంది. కాఫీ ఎక్కడ తెలుస్తుంది?" అంటాడు. అది చల్లారి, అడుగున మడ్డి దిగి, పైన పొర కట్టాక, పొరను చెంచాతో పక్కకు నెట్టి తాగి, "బాగాలేదు" అంటాడు. ఎప్పుడూ బాగుండదు. కొత్త చొక్కా కొంటే ఒక రాత్రి మేకుకు తగిలించి, పొద్దున్న లేచి దాని ముఖం చూసి, తిరిగి ఇచ్చేసి వస్తాడు. "ఎలా ఉన్నారు మాస్టారూ?" అని దారిలో ఎవరైనా పలకరిస్తే, "రేపు చెబుతాను" అంటాడు. వేళాకోళానికి కాదు. మర్నాడు వాళ్ళింటి దాకా వెళ్ళి, తలుపు కొట్టి, "నిన్న అడిగారుగా. అంత బాగాలేను" అని చెప్పి వస్తాడు.

మాస్టారు ఉండే గది టైర్ల కొట్టు పైన. ఒకసారి ఆ కొట్టు యజమాని నీళ్ళ పంపు విషయంలో ఆయన్ని నడివీధిలో ఆపి నానా మాటలూ అన్నాడు. మాస్టారు చేతులు కట్టుకుని ఆసాంతం విన్నాడు. "అయిందా? సరే. రేపు కోపం తెచ్చుకుంటాను" అని పైకెళ్ళి పడుకున్నాడు. మర్నాడు స్నానం చేసి, తల దువ్వుకుని, కొట్టు తలుపులు తీసే వేళకు వెళ్ళి నిలబడ్డాడు.

"నిన్న నువ్వన్న మాటలకి నాకు కోపం వచ్చింది."

"ఏ మాటలు?" అన్నాడు యజమాని. అతనికి అసలు సంగతే గుర్తులేదు.

మాస్టారు ఒక్కటి కూడా పొల్లుపోకుండా అన్నీ అప్పజెప్పాడు. పొద్దున్నే, చల్లటి గొంతుతో, తన తిట్లు తనకే వినబడేసరికి ఆ యజమానికి సిగ్గేసింది. పంపు తనే బాగుచేయించాడు.

పెళ్ళి సంగతీ అంతే. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు, తనతోబాటు పనిచేసే ఒకావిడ తనంతట తనే వచ్చి పెళ్ళి మాట ఎత్తిందట. "ఒక్క రాత్రి ఆగండి" అన్నాడట. ఆవిడ ఆగలేదు. ఇంతకాలం తర్వాత కూడా ఆ ఊసు వస్తే, "మంచిదే అయింది, ఆవిడ అదృష్టం" అని ఊరుకుంటాడు, ముఖంలో ఏ రంగూ లేకుండా.

మెకానిక్ ఆయన్ని మొదట కలిసింది ఈ ఫ్రిజ్ వల్లే.

"ఏం పోయింది సార్ దీనికి? చల్లగానే ఉందిగా."

"వణుకుతోంది."

"ఫ్రిజ్ అన్నాక కాస్త వణుకుతుంది సార్. లోపల కంప్రెసర్ తిరగాలిగా."

"వణికేదాని కడుపులో ఏది తేరుతుంది నాయనా?"

మెకానిక్ బడి మధ్యలో మానేసి, కనబడినదల్లా విప్పి చూసి, మళ్ళీ బిగించి చూసి పని నేర్చుకున్నవాడు. చల్లబడకపోతే గోల పెట్టేవాళ్ళనే చూశాడు గానీ, వణుకుతోందని బాధపడేవాణ్ణి అంతకు ముందు చూడలేదు. కంప్రెసర్ కాళ్ళ కింద రబ్బరు ముక్కలు కోసి వేశాడు. గ్లాసులో నీళ్ళు పోసి లోపల పెట్టి చూపించాడు. నీళ్ళ మీద ముడత కూడా లేదు. మాస్టారు ఆ గ్లాసు వైపు చాలాసేపు చూసి, "బాగయిందో లేదో రేపు చెబుతాను" అన్నాడు. మర్నాడు వస్తే, ఆ వేళకే అన్నగారికి భోజనం క్యారియర్ తెచ్చిన చెల్లెలు ఎదురైంది. ఆ తర్వాత ఆ ఫ్రిజ్‌కు ఏ జబ్బూ లేకపోయినా మెకానిక్ వచ్చి పలకరించి వెళ్ళేవాడు.

చివరికి ధైర్యం చేసి, మీ చెల్లెల్ని చేసుకుంటానని అడిగిన రోజున మాస్టారు ఊరూ పేరూ అడగలేదు. చొక్కా చెయ్యి పైకి మడవమన్నాడు.

"పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

"లేదండి. మంచినీళ్ళే."

తెల్లారి చూస్తే గొట్టం పైన గోరంత మందాన తెల్లటి మీగడ. "మంచినీళ్ళకి మీగడ కట్టడం నా సర్వీసులో ఇదే మొదటిసారి" అన్నాడు మాస్టారు. మెకానిక్ తలొంచుకుని ఒప్పుకున్నాడు. ధైర్యం కోసం నాలుగు గుడ్లూ, వెన్న రాసిన రొట్టే కడుపునిండా తిని వచ్చాడు. మాస్టారు ఇంకోసారి రక్తం తీశాడు, ఇంకో రాత్రి నిలబెట్టాడు. ఈసారి తేట. ఇంటికి వెళ్ళి చెల్లెలితో, "అబద్ధమాడతాడు. కానీ అరిగించుకుంటాడు. చేసుకో" అన్నాడు.

చుట్టరికం కలిశాక మెకానిక్‌కు సాయంత్రాలు ల్యాబులో కూర్చుని ఆయన చెప్పేది వినడం అలవాటైంది. ఇంకెవరూ వినరు కాబట్టి మాస్టారికీ అది అలవాటైంది.

"నీళ్ళలో నూనె కలుస్తుందా బావా?"

"కలవదు."

"మరి రక్తంలో కొవ్వు ఎలా తిరుగుతోంది? ప్రోటీను తొడుగు వేసుకుని మూటల్లా తిరుగుతుంది. ఆ మూటలే లైపోప్రోటీన్లు. పెద్ద మూటలు తేలిక, పైకి తేలతాయి. చిన్నవి బరువు, కిందికి దిగుతాయి."

తను పని నేర్చుకున్న చోట భయంకరమైన వేగంతో తిరిగే ఒక యంత్రం ఉండేదనీ, దాన్లో వేసి తిప్పితే ఏ బరువు మూటలు ఆ అంతస్తులో అద్దెకు దిగినట్టు విడివిడిగా నిలబడేవనీ చెప్పేవాడు. ఇంకో పద్ధతిలో జిగురు పలక మీద సీరం చుక్క పెట్టి కరెంటు పంపితే మూటలు పరుగుపందెం పెట్టుకుంటాయట. "పెద్దవి మాత్రం గీత దగ్గరే కూర్చుంటాయి. ఎక్కడైనా పెద్దవాళ్ళ తీరు అంతే." ఇక లెక్క కట్టే పద్ధతంటే ఆయనకు ఒళ్ళుమంట. మొత్తం కొలెస్ట్రాల్ లోంచి మంచిదాన్ని తీసేసి, వేరే కొవ్వులో అయిదో వంతు కూడా తీసేసి, మిగిలిందంతా చెడ్డదని రాసేయడం. "ఇంట్లో కనబడినవాళ్ళని లెక్కపెట్టి, కనబడనివాడే దొంగ అన్నట్టుంటుంది బావా. వాడు పాపం సినిమాకెళ్ళాడేమో."

ల్యాబు డాక్టరమ్మది. ఆవిడ పుస్తకాలన్నీ చదివిన మనిషి, యంత్రాల మంచిచెడ్డలు తెలిసిన మనిషి. పక్క వీధి ల్యాబులో రక్తం ఇచ్చి ఇంటికెళ్ళేలోపు రిపోర్టు ఫోనుకు వచ్చేస్తుంది. ఇక్కడ రోజూ సాయంత్రం కౌంటరు దగ్గర రభస. ఒకాయన బల్ల గుద్దుతాడు. ఒకావిడ, "అది రిపోర్టా, పెరుగు తోడుపెట్టారా?" అని అడుగుతుంది. జనం వెళ్ళిపోయాక డాక్టరమ్మ లోపలికి వస్తుంది.

"మాస్టారూ, యంత్రం మధ్యాహ్నానికే అంకెలు ఇచ్చేసింది. మీరు తెల్లారేదాకా గుడ్ల మీద కోడిలా ఇంకెన్నాళ్ళు కూర్చుంటారు?"

"కూర్చుంటేనే కదమ్మా పిల్ల బయటికొచ్చేది."

"అందరూ తిట్టిపోస్తున్నారు."

"నన్నేగా. మిమ్మల్ని కాదుగా."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసి వెళ్ళిపోయేది. గట్టిగా మానెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. మెకానిక్ గమనించింది ఇంకొకటుంది. గుండెల్లో నొప్పని వచ్చినవాడి రక్తమో, ఆపరేషనుకు వెళ్ళేవాడి రక్తమో అయితే మాస్టారి చేతిలో క్షణం ఆగేది కాదు. నిలబడిపోయేవి ఈ కొవ్వు రిపోర్టులే. ఎక్కడ పట్టు వదలాలో తెలిసిన మొండివాడు అనుకుని, అంతకుమించి అతను ఆలోచించలేదు.

ఈ సాయంత్రం మాత్రం మెకానిక్ వినడానికి రాలేదు. ఫ్రిజ్‌లో నిలబడ్డ గొట్టాల్లో ఒకటి అతని భార్యది.

ఆ ఇంట్లో గుండెలు తొందరగా అలిసిపోతాయి. మాస్టారి తండ్రి తల నెరవకముందే పోయాడు. పెద్దన్నయ్య తండ్రి వయసు కూడా చూడకుండా, బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడు. మిగిలింది మాస్టారూ, ఈ చెల్లెలూ. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కొలతలకు వచ్చేవాళ్ళ కోసం పెట్టుకున్న నిలువుటద్దంలో, ఒక మధ్యాహ్నం తన కంటిరెప్ప మూల ఆవగింజంత పసుపు మచ్చ చూసుకుంది. పెద్దన్నయ్యకూ సరిగ్గా అక్కడే ఉండేది. అప్పట్నుంచి ఆ అద్దం మీద దుప్పటి కప్పింది. తిండి సరిగా లేదు, నిద్ర అసలే లేదు. పొద్దున్న రక్తం ఇచ్చి వచ్చాక భర్తతో ఒకే మాట అంది.

"మా అన్నయ్య రేపంటాడు. నాకు రేపొద్దు. నేను కూడా నాన్నలాగే పోతానా, లేదా? అదొక్కటీ ఈ సాయంత్రం తెలియాలి. కనుక్కోకుండా ఇంటికి రాకండి."

"ఒక్క మాట చెప్పు బావా," అన్నాడు మెకానిక్ మళ్ళీ. "ఎక్కువా, తక్కువా?"

"రేపు."

"అది నీ చెల్లెలు."

"చెల్లెలిదైనా సీరం సీరమే. తేరనీ."

కౌంటరు దగ్గర ఫోను మోగింది. మాస్టారు లేచి, ఎప్పటిలాగే అడుగు తీసి అడుగు వేస్తూ అటు వెళ్ళాడు. మెకానిక్ గొడుగు గోడకు చేర్చి, ఫ్రిజ్ దగ్గరికి నడిచి, కుదుపు లేకుండా తలుపు తీశాడు. ఆ తలుపును అంత మెత్తగా తీయగలిగినవాడు ఇంకొకడు లేడు. లోపల గొట్టాల వరస. ఒకదాని మీద అప్పుడే మీగడ కడుతోంది. ఒకటి బియ్యం కడుగునీళ్ళలా మబ్బుగా ఉంది. చివరి గొట్టం మీద 'చెల్లి' అని రాసి ఉంది. టార్చి వేసి చూశాడు. తేనె కలిపిన నీళ్ళలా ఉంది. వెనక వేలు పెడితే వేలి గీతలు కనబడుతున్నాయి.

ఇన్నేళ్ళు విన్న చదువు ఊరికే పోతుందా? మబ్బే లేనిది రేపు మాత్రం ఏం తేలుతుంది? మెకానిక్ గుండె మీంచి బండ దిగినట్టయింది. తలుపు వేసి, నేలమాళిగలో సెల్‌ఫోను పలకదు కాబట్టి, మెట్లెక్కి పైకి పోయాడు. వానకు తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని భార్యకు ఫోను కలిపాడు. అవతల ఒక్కసారి మోగగానే ఎత్తింది.

"చెప్పండి."

అతను నోరు తెరిచేలోపు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను లాక్కుని కట్ చేసింది. మాస్టారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన పరుగెత్తడం ఆ మెట్లు అప్పుడే చూశాయి. ఒక చెప్పు కింది మెట్టు మీదే ఉండిపోయింది.

"ఏం చెప్పబోయావు?" అన్నాడు రొప్పుతూ.

"తేటగా ఉంది బావా. నేను చూశాను. మీగడ లేదు, మబ్బు లేదు."

మాస్టారు తడి మెట్టు మీదే కూలబడ్డాడు.

"తేటగానే ఉంటుంది. అన్నయ్యదీ తేటగానే ఉండేది."

మెకానిక్‌కు అర్థం కాలేదు. మాస్టారు ఫోనును చొక్కా కింద దాచుకుని, వాన వైపు చూస్తూ చెప్పాడు.

"మీగడ కట్టేవీ, మబ్బు పట్టేవీ పెద్ద మూటలు. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, అందుకని మనకి కనబడతాయి. రక్తనాళాల్లో పేరుకునే చెడ్డ మూటలు మరీ చిన్నవి బావా. ఎన్ని ఉన్నా వెలుతురు వాటి మధ్యలోంచి వచ్చేస్తుంది. గొట్టం నిండా అవే ఉన్నా నీకు తేటే. ఎన్ని రాత్రులు నిలబెట్టినా అవి తేలవు."

"అంటే..."

"ఎక్కువే ఉంది. యంత్రంలో రెండుసార్లు వేశాను. లెక్క కూడా కట్టాను, నేను తిట్టే లెక్కే. అన్నీ ఒకే మాట మీదున్నాయి. నాన్నకి ఉన్నంత ఉంది."

చొక్కా కింద ఫోను మోగడం మొదలుపెట్టింది. ఇద్దరూ అది ఆగేదాకా దానికేసి చూశారు. మెకానిక్‌కు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది.

"మరి ఈ నిలబెట్టడం దేనికి బావా? జనం భయపడి వచ్చేది ఆ చెడ్డదాని కోసమేగా. అది నీ ఫ్రిజ్‌లో కనబడనే కనబడదు. ఇన్నేళ్ళూ ఏం చూశావు ఒక కన్ను మూసుకుని? నా చేత రబ్బరు ముక్కలు కూడా వేయించావే."

"డాక్టరమ్మ కూడా ఇలాగే అడిగింది, కొత్తలో."

"ఏం చెప్పావు?"

మాస్టారు ముందు కిందికి దిగి చెప్పు తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. జవాబును కాస్త నిలబెట్టడం ఆయనకు అలవాటే.

"మా నాన్న రిపోర్టు సాయంత్రం వచ్చింది. ఈల వేసుకుంటూ సైకిలు కడుగుతున్నాడు ఆయన. అంకె చూశాడు. డాక్టరు ఇంటికెళ్ళిపోయాడు, మందుల షాపు మూసేశారు. ఎవరికీ చేయడానికి ఏమీ లేదు. అందరం ఆయన చుట్టూ చేరి ఆయన గుండెకేసి చూస్తూ కూర్చున్నాం. ఏం తింటే ఏమవుతుందోనని అమ్మ ఆయన ముందున్న కంచం తీసేసింది. పొద్దున్న సైకిలు తొక్కిన మనిషి స్నానాలగదికి గోడ పట్టుకుని నడిచాడు. ఆకలితో, భయంతో తెల్లవార్లూ అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు బతికాడు బావా. ఈల మాత్రం వేయలేదు."

వాన కాస్త హెచ్చింది. ఎదురుగా కొట్టు షట్టరు ఒకటి దిగింది.

"అదే అంకె పొద్దున్న ఇస్తే?" అన్నాడు మాస్టారు. "డాక్టరుంటాడు. మందుల షాపుంటుంది. బస్సులు తిరుగుతుంటాయి. కాళ్ళకి పనుంటుంది. రాత్రి పూట అంకె చేతిలో పెడితే మనిషికి భయపడటం తప్ప ఇంకో పని ఉండదు."

"అయితే బాగాలేని వాళ్ళవే ఆపొచ్చుగా. అందరివీ ఎందుకు?"

"మంచివి ఇచ్చేసి చెడ్డవి ఆపితే, ఆపాను అన్న మాటే రిపోర్టు అయిపోదూ? అందుకని అందరివీ ఆపాలి. ఊరికే ఆపితే తంతారు. దానికో పిచ్చి కావాలి. నాకు ఈ తేరే పిచ్చి కుదిరింది. చూసేవాళ్ళకి కాస్త శాస్త్రంలా కూడా ఉంటుంది."

మెకానిక్‌కు ఒకటి గుర్తొచ్చింది. సాయంత్రం ఎప్పుడు వచ్చినా మాస్టారు కౌంటరు ఫోను పట్టుకుని, "డాక్టరుగారూ, రేపు పొద్దున్న ఒక్క నంబరు ఉంచండి" అని ఎవరినో బతిమాలుతూ ఉండేవాడు. ఆ నంబర్లు ఎవరి కోసమో అతను ఏనాడూ అడగలేదు.

"అంటే కాఫీ కూడా నాటకమేనా?"

"కాఫీ నిజమే బావా. అది అలవాటైపోయింది."

ఆ పరిస్థితిలో కూడా మెకానిక్‌కు నవ్వు వచ్చింది. వచ్చినందుకు బాధ కూడా వేసింది.

"నీది చూసుకున్నావా?" అని అడిగాడు.

"నాకు రాలేదు. నాన్న రక్తం ఈ జబ్బును అన్నయ్యకిచ్చి, చెల్లికిచ్చి, మధ్యలో నన్ను వదిలేసింది. నమ్మలేక చాలాసార్లు చూసుకున్నాను." మాస్టారు చేత్తో ముఖం మీది తడి తుడుచుకున్నాడు. "ఇందాక ఫోను గుండె డాక్టరు దగ్గర్నుంచే. రేపు మొదటి నంబరు దానిదే. నాన్న రోజుల్లో దీనికి సరైన మందు లేదు. ఇప్పుడుంది. రోజూ వేసుకుంటే అంకె దిగుతుంది. దిగినవాళ్ళని నేను ఈ కళ్ళతో చూశాను, మళ్ళీ మళ్ళీ రక్తమివ్వడానికి వచ్చి నన్నే తిట్టిపోతుంటారు. కానీ ఆ సంగతి అది డాక్టరు నోటితో, పగటిపూట వినాలి. ఇప్పుడు నేను చెబితే ఓదారుస్తున్నానంటుంది."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆగేలా లేదు.

"ఏం చెప్పను బావా?" అన్నాడు మెకానిక్. "నా గొంతు వింటేనే పట్టేస్తుంది. అయినా అది ఎలాగూ నిద్రపోవట్లేదు. తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం?"

"తెలిస్తే భయం. తెలియకపోతే కోపం. భయంతో పడుకున్నవాడికి కునుకు రాదు. కోపంతో పడుకున్నవాడు తిట్టీ తిట్టీ అలిసిపోయి కాసేపటికి గురక పెడతాడు. ఇంతమంది చేత తిట్లు తిన్నాను, ఆ మాత్రం తెలియదా నాకు? ఇదిగో, ఎత్తు. మెత్తగా మాట్లాడావో, ఇద్దరం దొరికిపోతాం."

మెకానిక్ ఫోను తీసుకుని చెవికి ఆనించాడు.

"ఏమైంది? ఎందుకు పెట్టేశారు? చెప్పండి, ఏమన్నాడు?"

"మీ అన్నయ్య..." మాట మెత్తగా వచ్చింది. మాస్టారు ముఖం చిట్లించి, ఇంకా, ఇంకా అన్నట్టు చెయ్యి ఊపాడు. మెకానిక్ గొంతు పెంచాడు. "మీ అన్నయ్య అసలు మనిషేనా? సొంత చెల్లెలని కూడా లేదు. రేపట. తేరాలట. ఫోను కూడా లాక్కున్నాడు. ఆ గొట్టాలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేస్తే పీడా విరగడైపోతుంది."

అవతల తిట్లు మొదలయ్యాయి. "నాకు తెలుసండీ, నాకు ముందే తెలుసు. చిన్నప్పుడు నా బొమ్మ చెయ్యి విరిగితే, రేపు బాగుచేస్తానని అటక మీద పెట్టినవాడు, ఇప్పటికీ దింపలేదు..." ఆ గొంతు వానలో మాస్టారి దాకా వినబడుతోంది. ఆయన మెట్టు మీద కూర్చుని, తలాడిస్తూ, వరసగా తన నేరాలన్నీ విన్నాడు. చాలా రోజుల తర్వాత చెల్లెలి గొంతులో జీవం ఉంది.

మెకానిక్ ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఆయనకేసి చూశాడు. మాస్టారు లేచి, గొడుగు తెచ్చి అతని చేతికిచ్చి, వీధి వైపు నెట్టాడు.

"వెళ్ళు బావా, ఇక్కడ తడుస్తూ నిలబడకు. పొద్దున్నే దాన్ని తీసుకురా. ఈ రాత్రికి నాకోసం ఒక్క పని చేసిపెట్టు. ఇంటికెళ్ళాక కూడా నన్ను తిట్టడం ఆపకు. దానికి ఆకలేసేంత కోపం తెప్పించి, రెండు ముద్దలు ఎక్కువ తినిపించు."